మడి కట్టుకున్న ఇనప గిన్నె

షాద్‌నగర్ అవతల 200 గజాల ప్లాటును, ఏజెంటు పెట్టిన బిర్యానీ అరిగేలోపే అడ్వాన్సు ఇచ్చి ఖాయం చేసుకున్న కుటుంబాలు నాకు తెలుసు. లింకు డాక్యుమెంట్లు తర్వాత తీరిగ్గా చూసుకున్నారు. ఆ కుటుంబాలే ఇప్పుడు పింగాణీ పూత వేసిన పోత ఇనుము గిన్నె కొనాలా వద్దా అని దసరా నుంచి సంక్రాంతి దాకా తర్జనభర్జన పడుతున్నాయి. దీన్ని చూసి నవ్వేవాళ్ళున్నారు. నేను నవ్వను. ప్లాటు ఎక్కడో పడి ఉంటుంది. గిన్నె ఇంట్లోనే ఉంటుంది, దాంతో రోజూ కాపురం చెయ్యాలి.

ముందు వంశచరిత్ర చూద్దాం. 1925లో ఉత్తర ఫ్రాన్సులోని ఫ్రెనువా ల గ్రాన్ అనే ఊళ్ళో ఇద్దరు బెల్జియం వాళ్ళు కలిసి లె క్రూజే అనే ఈ గిన్నెల కంపెనీ పెట్టారు. ఒకాయన ఇనుము పోత పోయడంలో దిట్ట, రెండో ఆయన పింగాణీ పూత వెయ్యడంలో దిట్ట. కరిగిన ఇనుము రంగు చూసి గిన్నెకు నారింజ రంగు వేశారంటారు. మన దగ్గర మాత్రం ఏం తక్కువైందని? ఇనప మూకుడు ఇంటింటా ఉండేది. తెల్లటి పింగాణీ బేసిను, నీలం అంచుతో, పెద్దాసుపత్రిలో మంచం మంచానికీ ఉండేది. ఈ రెంటినీ కలిపితే అమెరికాలో 400 డాలర్లు దాటి పలికే వస్తువు తయారవుతుందని మనవాళ్ళలో ఎవరికీ తట్టలేదు. ఆ బేసిను దేనికి వాడేవారో అందరికీ గుర్తుండటం వల్ల కావచ్చు.

గిన్నె గుణాల దగ్గర అన్యాయంగా మాట్లాడకూడదు. పూత అంటే గాజే. పొడి చేసిన గాజును ఇనుము మీద పట్టించి, దాదాపు 800 డిగ్రీల వేడిలో కరిగించి అతికిస్తారు. అందుకని చింతపండు పులుసు కాచినా నల్లబడదు, ఇనప వాసన కొట్టదు. మామూలు మూకుట్లో పులుసు రాత్రంతా వదిలేసిన వాళ్ళను అడగండి, ఈ సుఖం విలువ చెప్తారు. నూనె రాసి, కాల్చి, మళ్ళీ రాసి మచ్చిక చేసుకునే పని కూడా లేదు. ఒకసారి వేడెక్కిందంటే ఆ వేడి ఓ పట్టాన వదలదు. వేడెక్కడానికే కాస్త బతిమాలించుకుంటుంది. వేడిని పాకించే శక్తి పోత ఇనుముకు అల్యూమినియం కన్నా చాలా తక్కువ మరి. పొద్దున ఉప్మాకి దీన్ని నమ్ముకుంటే ఆఫీసు క్యాబ్ వెళ్ళిపోతుంది. ఆదివారం మటన్‌కి మాత్రం దీనికి సాటి లేదు.

ఒక్క చిక్కు. చాలామంది దీన్ని ‘ఒంటికి ఐరన్ పడుతుంది’ అని కొంటున్నారు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది కాబట్టి ఆలోచన మంచిదే. కాకపోతే కూరకూ ఇనుముకూ మధ్య గాజు గోడ ఉంది. ఐరన్ దిగేది అటక మీద పారేసిన పాత మూకుట్లోనే. అంత డబ్బు పోసి మనం కొంటున్నది ఆ ఐరన్ కూరలోకి రాకుండా అడ్డం పెట్టే ఏర్పాటు. బిల్లు కట్టేశాక ఈ మాట ఇంట్లో అనడం క్షేమం కాదు.

ఇక అసలు సంగతికి వద్దాం. బామ్మలతో పాటే మడీ ఆచారం వెళ్ళిపోయాయని బెంగ పెట్టుకున్న వాళ్ళకు శుభవార్త. ఈ గిన్నె వాటిని వెనక్కి తెచ్చింది. స్టీలు గరిట దానికి తగలకూడదు, కొయ్య గరిటకే ప్రవేశం. (పప్పుగుత్తి కొయ్యది కాబట్టి బతికిపోయింది.) ఖాళీగా పొయ్యి ఎక్కించకూడదు. మంట పెద్దది చెయ్యకూడదు. సన్నటి సెగ మీద ఆవాలు చిటపటలాడకపోతే అది ఆవాల ఖర్మ. వేడి మీద ఉండగా చన్నీళ్ళు పడితే మైల. గాజు సాగే లెక్క వేరు, ఇనుము సాగే లెక్క వేరు, ఒక్కసారిగా చల్లబడితే పూత చిట్లుతుంది. పట్టకారుతో దించబోతే అంచు పెచ్చు లేస్తుంది. అసలు మూతతో కలిపి అయిదు కిలోలుండే గిన్నె, నిండా పులుసుతో ఎనిమిది దాటాక, పట్టకారు మాట ఎత్తేవాళ్ళ చేతుల గురించి వేరే వ్యాసం రాయాలి.

అన్నిటికన్నా కఠినమైన నిషేధం గరిట దులపడం మీద ఉంది. కూర కలిపాక గరిటను గిన్నె అంచుకేసి టకటకా రెండు దెబ్బలు వెయ్యకపోతే తెలుగువాళ్ళకు వంట అయినట్టే కాదు. కంచాలు పెట్టుకోమని హాల్లో వాళ్ళకు అదే కబురు. పింగాణీ అంచుకు ఆ రెండు దెబ్బలే చాలు. ఊరి నుంచి వచ్చిన అత్తగారు అలవాటు కొద్దీ గరిట పైకెత్తగానే కోడలు “అత్తయ్యా, ఆగండాగండి!” అంటూ ల్యాప్‌టాప్ వదిలేసి పరుగెత్తుకొస్తోంది. ఒకప్పుడు ఆరేసిన మడిబట్ట తగిలిందని కోడళ్ళను గడప బయట నిలబెట్టిన వంటిళ్ళు ఇవి. ఇప్పుడు అదే గడప దగ్గర అత్తగారు నిలబడి “నేను ముట్టుకోవచ్చామ్మా?” అని అడుగుతున్నారు. 400 డాలర్లకు ఇంతకు మించిన సంఘసంస్కరణ ఎక్కడా దొరకదు.

మగవాళ్ళ వైపు కూడా కదలిక వచ్చింది. పనిమనిషి స్టీలు పీచు పక్కన పెట్టి, గిన్నె వంక ఎగాదిగా చూసి, “అది మీరే కడుక్కోండమ్మా, పెచ్చు లేస్తే నా జీతంలో కోస్తారు” అని తేల్చి చెప్పింది. ఇంట్లో ఇంత ముందుచూపు ఉన్న మనిషి ఆవిడొక్కతే. దాంతో ఇంటాయన పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి సింకు దగ్గర నిలబడి, మెత్తటి స్పాంజితో, పసిపిల్లకు నలుగు పెట్టినంత ఒద్దిగ్గా తోముతున్నాడు. పక్కనున్న కుక్కరు మాత్రం అలాగే ఉంది. అది ఆయన శాఖ కాదు.

ఇంత చెప్పాక కొనాలా వద్దా అంటే, కొనమనే అంటాను. దేనికి వాడాలన్నదే మిగిలిన ప్రశ్న. ఈ గిన్నె భక్తులంతా ఏకగ్రీవంగా చెప్పేది బ్రెడ్డు. గిన్నెను ఓవెన్లో బాగా కాల్చి, పిండి ముద్ద అందులో వేసి మూత పెడితే, ఆవిరి బయటికి పోక, పైన కరకరలాడే పెంకు కడుతుందట. నిజమే, కడుతుంది. కానీ మన ఇళ్ళలో బ్రెడ్డు తినేది జ్వరం వచ్చినప్పుడు, పాలల్లో ముంచుకుని. గిన్నె డబ్బులు గిట్టుబాటు కావాలంటే ఇంటిల్లిపాదీ వంతులవారీగా మంచం పట్టాలి.

మా పక్క ఫ్లాటు వాళ్ళు దానికీ సిద్ధపడ్డారు. తీరా చూస్తే మూత పిడితో కలిపి గిన్నె ఉన్న ఓవెన్లో పట్టలేదు. 60 లీటర్ల కొత్త ఓవెన్ చూశారు. దానికి 16 ఆంపుల ప్లగ్గు కావాలి. బిల్డరు ఇంటి మొత్తానికి అలాంటివి రెండే ఇచ్చాడు, ఒకటి పడగ్గదిలో ఏసీకి, రెండోది బాత్రూంలో గీజరుకి. మడి గిన్నె కాబట్టి బాత్రూం ఎలాగూ కుదరదు. పడగ్గది సంగతి ఆదివారం కూర్చుని మాట్లాడుకుంటారట.