ట్రాంబ్లే ఒక్కడే, కానీ రక్తం ఒక్కడిది కాదు

ఫ్రెంచ్ ఇంటిపేర్ల మీద మీరు రాసిన వ్యాసం చదివాను. ఇంటిపేరు ఒకటైతే మూలపురుషుడూ ఒకడే అన్నట్టుంది అది. ఫ్రాన్సులో ఆ మాట చాలా పేర్లకు కుదరదు. మార్టిన్ అక్కడ అత్యధికంగా కనిపించే ఇంటిపేరు, సెయింట్ మార్టిన్ భక్తి పుణ్యమా అని ఊరూరా విడివిడిగా పుట్టింది. ఇద్దరు మార్టిన్‌లకు చుట్టరికం ఉండాలని ఏమీ లేదు.

మీ మాట నిజమయ్యేది కెనడాలోని క్యుబెక్‌లో. అక్కడి ట్రాంబ్లేలు దాదాపు అందరూ పియర్ ట్రాంబ్లే అనే ఒకే మనిషి సంతతి. ఆయన ఫ్రాన్సులోని పెర్ష్ ప్రాంతంలో ఉన్న రాండొనే నుంచి 1647లో వలస వచ్చి, 1657లో ఓజాన్ అషోన్‌ను పెళ్లాడాడు. తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే వై క్రోమోజోము ఇంటిపేరుతో పాటే నడుస్తుంది కాబట్టి, ట్రాంబ్లే మగవాళ్లను పరీక్షిస్తే వాళ్ల వై క్రోమోజోముల్లో పోలిక దొరుకుతుంది. మధ్యలో దత్తతలు, పెళ్లి బయటి సంతానం లేకపోతేనే సుమా!

కానీ అది వంశవృక్షంలో ఒక్క గీత మాత్రమే. ఒక మనిషికి పది తరాలు వెనక్కి లెక్కిస్తే 1,024 పూర్వీకుల స్థానాలు, ఇంటిపేరు వచ్చే గీత వాటిలో ఒక్కదాన్నే చేరుతుంది. పైగా ఆయన ఆడపిల్లల వంశం వేరే ఇంటిపేర్లలో కలిసిపోయింది. క్యుబెక్‌లోని షార్లెవోయ్, సాగ్నే ప్రాంతాల్లో ఒక అరుదైన నరాల జబ్బు ఎక్కువగా కనబడటానికి కారణం కూడా పేరు కాదు, కొద్దిమంది వలసదారుల నుంచే జనాభా పెరగడం. వ్యాసంలో ఈ ముక్క లేకపోవడం పెద్ద లోటు.

ఇంకోటి, వంశం తెలుసుకోవడానికి డీఎన్‌ఏ కిట్ కొనమని ఫ్రాన్సులో ఉన్నవాళ్లకు సలహా ఇచ్చారు. అక్కడ అది చట్టవిరుద్ధం, 3,750 యూరోల దాకా జరిమానా ఉంది. దయచేసి ఆ వాక్యం సరిచేయండి.