మావాడికి తిండి పెడుతున్నాం, మహాప్రభో!

నెల్లూరు పుర ప్రజలకు, అందులోనూ మా వీధి పెద్దలకు సవినయంగా తెలియజేసుకోవడం ఏమనగా, మా కుక్కకి మేం తిండి పెడుతున్నాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రోజూ. అమావాస్యకి కూడా. పెట్టిందంతా వాడే తింటున్నాడు, మధ్యలో మేం ఏమీ కాజేయడం లేదు.

వాణ్ణి చూసిన ప్రతివాళ్ళూ "దీనికి ఏమీ పెట్టరా?" అని అడిగేవాళ్ళే. ఈ ముక్క అచ్చులో పెట్టాల్సి వచ్చిందంటే మా పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. చిప్పిపారై, కన్ని, ముధోల్, గ్రేహౌండ్, ఇలాంటి, పుట్టుకతోనే బక్కగా ఉండే వేటజాతి కుక్కని పెంచేవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ళు ఈపాటికే తలకాయ పట్టుకుని ఉంటారు.

మావాడి పేరు పుల్లయ్య. పుల్లలా ఉన్నాడని కొంత, ఎవరూ చెప్పకుండానే రోజూ వేమవరం వెళ్ళొస్తాడని కొంత. ఒకవైపు తమిళనాడు చిప్పిపారై, ఇంకోవైపు ఎవరో తెలియని నాటుకుక్క. గ్రేహౌండ్ లాంటి పరుగుకుక్కకి వేరే జాతి కలిసి పుట్టినదాన్ని ఇంగ్లండులో లర్చర్ అంటారట, ప్రత్యేకంగా వెతికి మరీ పెంచుకుంటారట. మా వీధిలో 'ఆ ఎముకల గూడు' అంటారు.

పాలవాడు అడిగాడు. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి అడిగాడు. కరెంటు రీడింగుకి వచ్చినాయన మీటరు చూడకముందే పుల్లయ్యని చూసి, నన్ను చూసి, మళ్ళీ పుల్లయ్యని చూసి, "ఏం సార్, దీనికి ఏమీ పెట్టరా?" అని అడిగి, బిల్లు చేతిలో పెట్టి పోయాడు. ఆ బిల్లు చూశాక నాకు ఆ పూట అన్నం సయించలేదు. కానీ నా పక్కటెముకల గురించి ఎవరూ వాకబు చేయలేదు.

దీనికి కారణం ఏమిటా అని చాలా రోజులు ఆలోచించి చివరికి పట్టుకున్నాను. పశువంటే ఎలా ఉండాలో మన జిల్లాల వాళ్ళకి ఒంగోలు గిత్త నేర్పింది. మూపురం ఉండాలి, గంగడోలు ఊగాలి, నడిస్తే నేల అదరాలి. ఆ జాతి ఓడలెక్కి బ్రెజిల్ పోయి, 'నెలోర్' అని మన ఊరి పేరే పెట్టించుకుని, అక్కడి మందల్లో సింహభాగం ఆక్రమించింది. అలాంటి కొలబద్ద చేతిలో ఉన్నవాడి ముందు పొట్టలేని కుక్కని నిలబెట్టడం నాదే తప్పు. ఒప్పుకుంటాను. మరి నెల్లూరు గొర్రె సంగతేమిటి? దేశంలోకెల్లా పొడుగైన గొర్రె అని పేరు. పొడుగు కాళ్ళు, పొడుగు మొహం, ఒంటిమీద ఉన్ని కూడా ఉండదు. దూరం నుంచి చూస్తే మా పుల్లయ్యకి పెదతల్లి కొడుకులా ఉంటుంది. జోడిపి అని, పల్ల అని రకాలు చెప్పి మరీ దాని అందం పొగుడుతారే, దాన్ని చూసి "అయ్యో, మేత వేయరా?" అని ఎవరైనా అనగా విన్నారా? ఎంతకిస్తావు అంటారు.

2005లో మన తపాలా శాఖ ముధోల్ కుక్కకి స్టాంపు వేసింది. ముధోల్ కుక్కకి పొట్ట ఎక్కడుంటుంది? అయినా తపాలా శాఖకి ఎవరూ పెరుగన్నం పంపలేదు.

పోనీ గ్రేహౌండుకి చుట్టమని చెబుదామంటే అదింకో గొడవ. మన రాష్ట్రంలో గ్రేహౌండ్స్ అంటే నక్సలైట్ల కోసం 1989లో పెట్టిన పోలీసు దళం. "అయితే ఇది కూంబింగుకి పోయేదా సార్?" అని పేపరు అబ్బాయి రెండడుగులు వెనక్కి వేశాడు. కూంబింగు సోఫాలో జరుగుతోంది నాయనా, రోజుకి పదహారు గంటలు, నాలుగు కాళ్ళూ పైకెత్తి. ఒంట్లో కొవ్వు లేదు కాబట్టి గచ్చుమీద పడుకుంటే మోచేతులు కాయలు కాసి పుండ్లు పడతాయి. అందుకని వాడు సోఫాలో, ఇంటికొచ్చిన చుట్టాలు ప్లాస్టిక్ కుర్చీల్లో. డిసెంబరులో వాడికి స్వెట్టరు. నెల్లూరులో స్వెట్టరా అని నవ్వినవాళ్ళంతా అదే నెలలో చెవులకి మఫ్లరు చుట్టుకుని తిరుగుతున్నారు.

పై పోర్షన్ అత్తమ్మగారిది అసలు వైద్యదృష్టి. "దానికి రక్తం లేదు, ఐరన్ టానిక్ పోయండి" అని మూడు నెలలు వేధించారు. సరేనని పరీక్ష చేయించాను. ఈ జాతులకి ఎర్రకణాలు మామూలు కుక్కల కంటే ఎక్కువే ఉంటాయని డాక్టరు గారు నవ్వుతూ రిపోర్టు చేతికిచ్చారు. చివరి పక్కటెముకలు, తుంటి ఎముకలు కనిపించాల్సిందేననీ, కనిపించకపోతే అప్పుడు రండనీ కూడా చెప్పారు. రిపోర్టు తీసుకెళ్ళి అత్తమ్మగారికి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివి, "ల్యాబులోళ్ళని నమ్మొద్దు" అన్నారు.

ఇక కమిటీ. మా వీధి చివర వేపచెట్టు కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలుంటాయి. సాయంత్రం ఐదున్నరకి అక్కడ రిటైరైన రెవెన్యూ పెద్దాయన ఒకరు, రిటైరైన హెడ్మాస్టరు గారు, రిటైర్ కాకపోయినా ఏ పనీ చేయని ఇద్దరు సమావేశమవుతారు. అజెండాలో మొదట అమెరికా, తర్వాత రొయ్యల రేటు, ఆపైన పుల్లయ్య. మొన్నొక ఆదివారం నన్ను ఆపారు.

"ఏంది అబ్బయ్యా, ఈ కుక్క ఇట్టా అయిపోతా ఉండాది?"

"దాని జాతే అంత, పెద్దాయనా."

"ఏ జాతైనా ఆకలి ఆకలే గదా."

నోటిమాటలతో లాభం లేదు, సర్వే చేసి తేల్చాల్సిందేనని రెవెన్యూ పెద్దాయన ఆదేశించారు. హెడ్మాస్టరు గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, పుల్లయ్య పక్కన వంగి, చూపుడువేలితో పక్కటెముకలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పుల్లయ్య కిమ్మనలేదు. గుడి ముందు రాతిబొమ్మలా నిలబడి, ఈ లోకంతో నాకేం పని అన్నట్టు దూరంగా చూస్తున్నాడు. మొదటిసారి పదకొండు వచ్చాయి. రెండోసారి పద్నాలుగు. "హద్దురాయి పెట్టుకోకుండా కొలిస్తే ఇట్టానే ఉంటాది" అని రెవెన్యూ పెద్దాయన మొదటి ఎముక మీద తన వేలు పెట్టి, అది తీయనని భీష్మించారు. మూడోసారి పదమూడు తేలాయి. హెడ్మాస్టరు గారు తలెత్తి, కళ్ళద్దాలు సర్దుకుని, తీర్పు చెప్పారు:

"మనిషికి పన్నెండు జతలు. దీనికి పదమూడు. మనిషి కంటే ఒకటి ఎక్కువ బయటికొచ్చిందంటే కడుపు ఎంత మాడ్చి ఉంటారో చూడండి."

"అన్ని కుక్కలకీ పదమూడే మాస్టారూ."

"అయితే మా అల్లుడి లాబ్రడారుకి ఒక్కటీ కనపడదే?"

ఆ లాబ్రడార్ని నేను చూశాను. మేడ మెట్లు పద్దెనిమిది. మధ్యలో రెండుచోట్ల కూర్చుంటుంది. దానికి సాష్టాంగ నమస్కారం.

ఈ చర్చలో పడి ఎవరూ గమనించనిదేమిటంటే, పుల్లయ్య తాడు ఒక కుర్చీ కాలికి తగిలించి ఉంది. తగిలించింది నేనే. సరిగ్గా అప్పుడే బిర్యానీ సెంటర్ వైపు నుంచి తెల్ల క్యారీ కవరు ఒకటి గాల్లో లేచింది. ఈ కుక్కలు వాసనతో కాదు, చూపుతో వేటాడతాయి. కదిలిందంటే అది కుందేలే, తర్వాత విచారిద్దాం అన్నది వాటి సిద్ధాంతం. గ్రేహౌండ్ గంటకి 70 కిలోమీటర్ల దాకా అందుకుంటుంది. మావాడు సంకరం కాబట్టి ఓ యాభై అనుకుందాం. ఆ కుర్చీలోని పెద్దమనిషి పదమూడో ఎముక చూడటానికి అరక్షణం ముందే లేచాడు. ఆ నరసింహస్వామి దయ. కుర్చీ ఇస్త్రీ బండి పక్కనుంచి, బజ్జీల పొయ్యి మీదుగా కాకపోయినా దాని మీదుగానే అన్నట్టు, పానీపూరి తింటున్న ఆడపిల్లల మధ్య నుంచి, కాసేపు నేలమీదా కాసేపు గాల్లోనూ ప్రయాణించి మలుపు తిరిగి మాయమైపోయింది. మేమంతా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. నిమిషం తర్వాత పుల్లయ్య తీరుబడిగా నడిచి వచ్చాడు. నోట్లో కవరు. తాడు చివర కుర్చీ కాలు ఒక్కటే. మొహంలో వేమవరం వెళ్ళొచ్చిన ప్రశాంతత.

కమిటీ చాలాసేపు మౌనం పాటించింది. ఆ తర్వాత రెవెన్యూ పెద్దాయన బరువుగా అన్నారు: "చూశారా, ఆకలికి కవర్లు తింటా ఉండాది."

తీర్మానం ఏకగ్రీవం. వంతులవారీగా వీధి మొత్తం పుల్లయ్యని పోషించాలి. మర్నాటి నుంచి మా గేటు మీదుగా వస్తువులు రావడం మొదలైంది. ముల్లుతో సహా చేపల పులుసు. మలైకాజా. పెళ్ళిభోజనంలో మిగిలిన మటన్ ఎముకలు. ఉల్లిపాయ కుక్కలకి విషమని గేటుకి కాగితం అంటించాను. ఉడికించిన ఎముక చీలికలై పేగుల్ని కోస్తుందని ఇంకో కాగితం. చదివినవాళ్ళు చదివి, పులుసు గిన్నె దాని కిందే పెట్టి పోయారు.

గురువారం రాత్రి పదకొండింటికి పుల్లయ్య వాంతులు మొదలుపెట్టాడు. లోతైన ఛాతీ ఉన్న కుక్కలకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఎక్కువ. అలా జరిగితే గంటల్లో ప్రాణం పోతుంది. ఆపరేషన్ చేద్దామన్నా ఈ జాతులకి అన్ని మత్తుమందులూ పడవు, థయోపెంటాల్ లాంటివి ఒంట్లోంచి ఒకపట్టాన దిగవు. ఇవన్నీ తెలిసి, ఆ కడుపు మీద చెయ్యి పెట్టుకుని తెల్లవార్లూ కూర్చోవడం ఎలా ఉంటుందో కమిటీకి తెలియదు. మెలిపడలేదు, ఎముక ముక్కలు. రెండు రోజులు సెలైన్. సూది ఇంకా కాలికి ఉండగానే ఫోను. రెవెన్యూ పెద్దాయన. "ఏం అబ్బయ్యా, ఇప్పుడన్నా కాస్త ఒళ్ళు చేసిందా?"

ఇంతవరకు మర్యాదగానే రాశాను.

పుల్లయ్య మాకు దొరికింది రెండేళ్ళ కింద, మే నెలలో. ఒంగోలులో పెళ్ళి చూసుకుని కారులో తిరిగొస్తూ, కావలి దాటాక హైవే పక్కన టీ తాగడానికి ఆగాం. కొట్టు వెనక, లారీ నీడలో పడి ఉన్నాడు. ముందుకాలు విరిగి వేలాడుతోంది. మెడకి తాడు ఒరిపిడి, పుండు, ఈగలు. "కుందేళ్ళకి తిప్పే కుక్క సార్. కాలు పోయిందని నాలుగు రోజుల కింద బండ్లమీద తెచ్చి ఇక్కడ పడేసి పోయినారు" అన్నాడు కొట్టతను. ఆ రోజు కనిపించాయి పక్కటెముకలు. తోలుకీ ఎముకకీ మధ్య ఏమీ లేదు. ఇవాళ 21 కిలోలున్న కుక్క ఆ రోజు 12. చుట్టూ పదిహేను మంది టీ తాగుతున్నారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "దీనికి ఏమీ పెట్టరా?" అని అడగలేదు. నీళ్ళు కూడా ఎవరూ పోయలేదు.

కుందేలుని వేటాడటం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. కుక్కల్ని వదిలి తరమడమూ వేటే. అయినా వీళ్ళు పోతారు, సెల్లులో వీడియోలు తీసుకుంటారు. పరిగెత్తినన్నాళ్ళు కుక్కకి గుడ్లు, పాలు. కాలు విరిగితే హైవే. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువుని వదిలేసినవాడికి 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటి తప్పుకి జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయలకి తగ్గకుండా, 50 రూపాయలకి మించకుండా. అరవై ఏళ్ళు దాటిన చట్టంలో రేటు అదీ! నలుగురు టీ తాగితే అయిపోయే డబ్బు. చంపే ఓపిక లేక, బతికించే మనసు లేక, ఎండలో పడేసి టీ కూడా తాగకుండా పోయిన ఆ వెధవలకి అంతకంటే ఎక్కువ పడదు. అదీ పట్టుకుంటే. ఎవడు పట్టుకున్నాడు?

ఆ రోజు కారులో నా పక్కన కూర్చున్నది మన రెవెన్యూ పెద్దాయనే. నేను కుక్కని ఎత్తుకుని వస్తుంటే కిటికీ అద్దం సగం దించి ఆయన అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. "మనకెందుకబ్బయ్యా, సీట్లు పాడైపోతాయి."

సీట్లు పాడయ్యాయి. కాలికి ప్లేటు పడింది. ఇప్పటికీ చలికి కాస్త ఎగరేసి నడుస్తాడు.

నిన్న పొద్దున మూడో ఇంట్లోకి కొత్తగా అద్దెకొచ్చినావిడ గేటు దగ్గర ఆగి, పుల్లయ్యని ఎగాదిగా చూసి, గబగబా లోపలికెళ్ళి నాలుగు ఇడ్లీలు పట్టుకొచ్చారు. "ఎముకలన్నీ కనపడతా ఉండాయే అన్నా, పాపం" అన్నారు.

నేను గేటు బార్లా తీశాను. "రామ్మా, లెక్కపెట్టుకో. పదమూడు జతలుండాలి. తక్కువొస్తే చెప్పు."