బీపీకి రెండు మందులు సరే, ఊబకాయానికి ఎందుకు వద్దు?

మోకాళ్ల నొప్పులతో హైదరాబాద్‌లో ఏదో ఒక ఓపీకి వెళ్లొచ్చిన యాభై ఏళ్ల గృహిణి చీటీ చూడండి. బీపీకి టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ కలిపిన మాత్ర. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిపింది. అట్టడుగున, మందు పేరేమీ లేకుండా, ‘బరువు తగ్గాలి’ అని రెండు ముక్కలు. 2025లో మౌంజారో, వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాక కూడా, ఆకలి తగ్గించే మందులు రెండు కలిపి వాడదామంటే మనవాళ్లు ఉలిక్కిపడుతున్నారు. ఈ భయానికి అర్థం లేదు.

బరువు తగ్గుతుంటే ఒళ్లు ఊరుకోదు. ఆకలిని అణిచే హార్మోన్ లెప్టిన్ పడిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, ఆకలి ఇంకా ఎక్కువవుతుంది. ఒక దారి మూస్తే ఇంకో దారి తెరుస్తుంది. అమెరికా 2014లో అనుమతించిన నాల్ట్రెక్సోన్, బుప్రోపియాన్ జోడీనే తీసుకోండి. ఆకలిని అణిచే మెదడు కణాలను బుప్రోపియాన్ ఉత్తేజపరుస్తుంది. కాసేపటికి అవే కణాలు ఎండార్ఫిన్ అనే రసాయనం వదిలి తమను తామే ఆపేసుకుంటాయి. ఆ ఆపుదలను నాల్ట్రెక్సోన్ అడ్డుకుంటుంది. ఒక్క మందుతో అయ్యే పనేనా ఇది? 2012లో వచ్చిన ఫెంటర్మిన్, టోపిరామేట్ జోడీలోనూ అంతే: రెండూ తక్కువ మోతాదులో ఇస్తారు. మౌంజారోలోని టిర్జెపటైడ్ అయితే ఒక్కటే రెండు హార్మోన్ల పని చేస్తుంది.

ఒకప్పుడు అమెరికాలో బరువు తగ్గడానికి ఫెన్‌ఫ్లూరమైన్, ఫెంటర్మిన్ కలిపి వాడిన ‘ఫెన్-ఫెన్’ జోడీ సంగతేమిటని అడుగుతారు. నిజమే, 1997లో గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని ఫెన్‌ఫ్లూరమైన్‌ను మార్కెట్ నుంచి తీసేశారు. కానీ కవాటాలను పాడుచేసింది ఆ ఒక్క మందే. దానితో జోడించిన ఫెంటర్మిన్ అమెరికాలో నేటికీ ఉంది. పైగా ఆ జోడీకి జోడీగా అనుమతే లేదు, డాక్టర్లే కలిపి రాసేశారు. కాబట్టి పరీక్షించి కలపాలి. టోపిరామేట్ గర్భిణులకు ఇవ్వకూడదు, అది కచ్చితంగా చెప్పి మరీ రాయాలి.

అసలు అడ్డం మందుల్లో లేదు, మన మనసుల్లో ఉంది. షుగర్ వస్తే ‘పాపం’ అంటాం, లావైతే ‘నోరు కట్టుకోలేదు’ అంటాం. పెళ్లిచూపుల నుంచి ఆఫీసు లిఫ్టు దాకా ఆడపిల్లలు ఆ మాట పడుతూనే ఉన్నారు. జబ్బును తప్పుగా చూసే సమాజం దానికి వైద్యం అడగదు. తెలంగాణలో నూటికి 30 మంది మహిళలు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వాళ్లంతా నోరు కట్టుకోలేని వాళ్లేనా?

పాశ్చాత్యులకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 30 దాటితే ఊబకాయం, మనకు 25కే. అందుకే ఈ జోడీల ట్రయల్స్ మన నిమ్స్‌లో, మన ఒళ్ల మీద జరగాలి. నెగ్గిన జోడీ గాంధీ, ఉస్మానియా ఫార్మసీ కిటికీలో బీపీ మాత్రల పక్కనే దొరకాలి.