శ్రీ వరల్డ్ మ్యూజిక్ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. మీరు నన్నెరగరు. మొన్నటిదాకా నేనూ మిమ్మల్ని ఎరగను. ఒక పాట పోగొట్టుకుని, దాన్ని వెతుక్కుంటూ మీ గుమ్మం దాకా వచ్చాను.

నారాయణగూడలో ఒక జ్యూస్ షాపు ముందు సపోటా షేక్ కోసం నిలబడ్డాను. లోపల స్పీకర్‌లో ఎవరో ఆవిడ పాడుతోంది. వెనక ఏదో తీగల వాద్యం. భాష ఏమిటో తెలీదు గానీ కడుపులో కలుక్కుమంది. ఫోన్ తీసి పాటలు పోల్చే యాప్ నొక్కేసరికి కుర్రాడు మిక్సీ నొక్కాడు. ఆ యాప్, పాటలో గట్టిగా వినబడే స్వరాల్ని ఆకాశంలో చుక్కల్లా గుర్తేసుకుని, తన దగ్గరున్న చుక్కల పటాలతో సరిచూస్తుందట. ఆ రోజు దానికి దొరికిన చుక్కలన్నీ సపోటావే. మిక్సీ ఆగింది, పాటా ఆగింది.

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు కూనిరాగం తీశాను. తను పదేళ్ళు సంగీతం నేర్చుకుంది. "మోహనంలా ఉందండీ. అయినా మీరు ఏం పాడినా..." అని మర్యాదగా అక్కడితో ఆపేసింది.

ఇక కంప్యూటర్‌కి ఏమని చెప్పుకోను? 'ఆడగొంతు, తీగలు, భాష తెలీదు' అని కొట్టాను. అది నన్ను తిన్నగా 'వరల్డ్ మ్యూజిక్' అనే పాటల జాబితాకి, అంటే మీ దగ్గరికి తోలింది. గుమ్మం మీద కళ్ళు మూసుకున్న అమ్మాయి బొమ్మ, పక్కన కొవ్వొత్తి. లోపల చూద్దును గదా, సగం భూగోళం కుక్కి ఉంది!

మీ పుట్టుపూర్వోత్తరాలు చదివాను. 1987 జూన్‌లో లండన్‌లో ఎంప్రెస్ ఆఫ్ రష్యా అనే పబ్బులో చిన్న రికార్డు కంపెనీల వాళ్ళు కూర్చుని మీకు బారసాల చేశారు. ఈ రికార్డులు ఏ అరలో పెట్టాలో షాపులవాళ్ళకి తెలియట్లేదు కాబట్టి ఒక పేరు ఉండాలన్నారు. ఉద్దేశం మంచిదే. ఒకప్పుడు ఢిల్లీలో మనందర్నీ కలిపి "మద్రాసీ" అన్నవాళ్ళూ చెడ్డవాళ్ళేం కాదు. కానీ అయ్యా, మా ఆవిడ పోపుల డబ్బాలో కూడా ఏడు గిన్నెలున్నాయి. ఆవాలూ జీలకర్రా పక్కపక్కనే ఉంటాయి, కలవవు. మీ దగ్గర ఆఫ్రికాలోని మాలీ, రష్యాలోని టువా, అట్లాంటిక్ దీవులు కేప్ వెర్డీ అన్నీ ఒకే గిన్నె. మన త్యాగయ్య గారూ అందులోనే కనబడ్డారు, బల్గేరియా ఆడవాళ్ళ బృందగానం పక్కన. పలకరించడానికి మొహం చెల్లలేదు. 2020లో గ్రామీ అవార్డులవాళ్ళు తమ బహుమతి విభాగంలోంచి మీ పేరు తీసేసి "గ్లోబల్ మ్యూజిక్" అన్నారట. మా వీధికీ రెండుసార్లు పేరు మార్చారు. గుంత అలాగే ఉంది.

సరే, నా పాట కోసం మీ గిన్నెలో చెయ్యి పెట్టి మూడు వారాలు దేవాను. మాలీ కోరా తగిలింది. పేద్ద సొరబుర్రని సగానికి కోసి, తోలు బిగించి, 21 తీగలు కట్టిన వాద్యం. వాయించేవాళ్ళు వంశపారంపర్యంగా అదే పని చేసే గాయకులు, మన భట్రాజుల్లా రాజుల వంశాలన్నీ అప్పజెప్పేవాళ్ళట. కాళ్ళకి చెప్పుల్లేకుండా స్టేజీ ఎక్కి పాడిన కేప్ వెర్డీ గాయని సెజారియా ఎవోరా తగిలింది. ఆవిడ నోట "సోడాడే" అన్న మాట వినగానే మన "బెంగ" ఇక్కడికెలా వచ్చిందా అనిపించింది. టువావాళ్ళు ఒకే గొంతులో ఒకేసారి రెండు స్వరాలు పలికిస్తారు. వాళ్ళ అడుగు గొంతు పెట్టగానే మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, పక్కవాళ్ళు బోరు వేయిస్తున్నారా?" అంది. ఆ రాత్రి నిద్రపోవాల్సింది పోయి ఆ బోరే మూడుసార్లు విన్నాను. ఇదంతా మీ చలవే, ఒప్పుకుంటాను.

చివరికి ఇథియోపియాలో ఆచూకీ తెలిసింది. ఆ తీగల వాద్యం క్రార్. ఆ స్వరవరస తిజితా. అందులో ఒక రకం స, రి, గ, ప, ద, అచ్చంగా మోహనం మెట్లే. మా ఆవిడ గరిటె పట్టుకునే వచ్చి నిలబడి వింది. "మొదటిరోజే చెప్పానా?" అంది. చెప్పింది.

తిజితా అంటే వాళ్ళ అమ్హారిక్ భాషలో జ్ఞాపకం, పోయిన రోజుల మీద దిగులు. స్వరవరసకీ అదే పేరు, ఆ కోవ పాటకీ అదే పేరు. అంటే పాడేవాళ్ళెందరో తిజితాలన్ని. అందులో నాది ఎవరిది?

నిన్న మళ్ళీ జ్యూస్ షాపుకి వెళ్ళాను. కుర్రాడు పెన్‌డ్రైవ్ పీకి చేతిలో పెట్టాడు. "ఇంగ్లిష్ సాంగ్స్ ఫోల్డర్ల ఉంటది సార్. నాలుగొందలున్నయ్, కాపీ చేస్కో." పాటల పేర్లు ట్రాక్ 1, ట్రాక్ 2. ఈ 'ఇంగ్లిష్ సాంగ్స్' ఫోల్డరు మీకు తమ్ముడు వరసవుతుందని అక్కడే లెక్చరు ఇవ్వబోయాను గానీ, వెనక జనం ఉన్నారు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఎక్కిద్దామని కూర్చున్నాను. ఈ మూడు వారాల్లో మీ దగ్గర దొరికినవన్నీ నేను దాచుకున్న ఫోల్డర్ తెరుచుకుంది. దానికి నేను పెట్టిన పేరు 'ఇతరములు'.

ఇట్లు,
ట్రాక్ 118 వింటున్న,
మీ శ్రోత