ఎనిమిది లైట్లూ వెలిగాయండీ, ఆయ్!

మూరెడు మందం గోడలున్న మండువా లోగిలిలో వైఫై వసారా దాటదు. కాబట్టి కోనసీమలో తీగే గతి. నాలుగు కంప్యూటర్లకు నాలుగు కేబుళ్లు, రూటరు నుంచి, నెట్టును నాలుగు కంప్యూటర్లకూ పంచే స్విచ్‌కు ఒకటి, వెరసి ఐదు. కొసకొకటి చొప్పున కనెక్టర్లు, అంటే కేబులు చివర తగిలించే తలలు, పది. క్యాట్6 రకం నెట్టు కేబులు ఒక్కో పరుగు వంద మీటర్లు దాటకూడదంటారు, మన లోగిలిలో ముప్ఫై కూడా దాటలేదు. కరెంటు తీగలకు ఎడంగా లాగేశాం. అంతవరకూ సాఫీ.

అసలు పెళ్లి కనెక్టరు దగ్గర. పైతొడుగు ఒలిస్తే లోపల ఎనిమిది తీగలు, నాలుగు జంటలు, మెలేసుకుని ఉంటాయి. మెలిక అర అంగుళానికి మించి విప్పకుండా వీళ్లను బంతిలో కూర్చోబెట్టాలి. టీ568బీ అనే తీగల రంగుల ప్రమాణం ప్రకారం వరస ఇది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. నారింజ దంపతులు పక్కపక్కనే, గోధుమ దంపతులూ అంతే. ఆకుపచ్చవాళ్లలో మాత్రం ఒకరిని మూడో విస్తరి దగ్గర, ఇంకొకరిని ఆరో విస్తరి దగ్గర కూర్చోబెట్టి, మధ్యలోకి నీలం దంపతులను దూర్చాలట. అదీ తిరగేసి. గోదావరి జిల్లాలో పెళ్లి వడ్డన చూసినవాడెవడైనా మొగుడూ పెళ్లాల మధ్య పరాయివాళ్లను కూర్చోబెడతాడా? మనం కూర్చోబెట్టలేదు. ఏ జంటనాజంటను ఒద్దికగా పక్కపక్కన సర్ది, టూలుతో నొక్కేశాం. పది కొసలకూ, ఒక్కటీ తప్పకుండా.

కేబులును పరీక్షించే టెస్టరు తగిలించాం. ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. పాలకొల్లు నుంచి వచ్చిన బావగారు చప్పట్లు కూడా కొట్టారు.

కంప్యూటర్లకు తగిలిస్తే లింకు వస్తుంది, పోతుంది. ఉన్న కాసేపూ ఫైలు నత్తనడక. హెల్ప్‌లైన్‌కు ఫోను చేస్తే రూటరు ఆపి మళ్లీ వెయ్యమన్నారు. వేశాం. మళ్లీ ఆపి వెయ్యమన్నారు. కేబులు అమ్మిన కొట్టాయనైతే ఒకటే మాట: "ఎనిమిది లైట్లూ వెలిగాయా అండీ? అయితే మా సరుకులో లోపం లేదండీ, ఆయ్."

లైట్లు వెలగకేం! ఈ కొస మూడో నంబరు ఆ కొస మూడో నంబరును కలిసిందా లేదా, టెస్టరు చూసేది అంతే. ఎవరు ఎవరితో మెలేసుకున్నారో దానికి అక్కర్లేదు. రెండు కొసలా ఒకే తప్పు చేశాం కాబట్టి దాని లెక్కలో అది ఒప్పే. కానీ సిగ్నలు నడిచేది మూడు, ఆరు కలిసి. ఆ రెండూ ఒకే మెలికలో ఉంటేనే బయటి రొద రెండింటికీ సమానంగా తగిలి, చెల్లుకు చెల్లు అయిపోతుంది. మన బంతిలో మూడో విస్తరి ఆకుపచ్చది, ఆరో విస్తరి నీలానిది. నాలుగు, అయిదుదీ అదే కథ. పొరుగు జంటల గోలంతా దీంట్లోకి, దీని గోల వాళ్లలోకి. ఈ తెగులు పేరు స్ప్లిట్ పెయిర్, అంటే విడిపోయిన జంట. ఎవరిని విడదీయకూడదని అంత తాపత్రయపడ్డామో వాళ్లే విడిపోయారు!

ఒకసారి నొక్కిన కనెక్టరు మళ్లీ పనికిరాదు. పది తలలూ నరికి కొట్టాయనకు ఫోను చేసి, ఇంకో పది పంపమన్నాం.

"పదెందుకండీ, వంద డబ్బా పట్టుకెళ్లండి, మీకు సరిపోద్దండీ, ఆయ్."