శ్మశానంలో కనబడని పసివాళ్లు

హశ్మత్‌పేట, మౌలాలి, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణ: ఈ మూడు చోట్లా ఇనుప యుగపు సమాధులు బయటపడ్డాయి. ఊళ్లలో వీటినే రాకాసి గుళ్లంటారు. వీటి ప్రస్తావన రాగానే, అప్పటివాళ్లు సగటున ఎన్నేళ్లు బతికారని అడుగుతాం. దొరికిన ఎముకల వయసులు కూడి భాగిస్తే జవాబు వస్తుందనుకోవడం పెద్ద పొరపాటు. శ్మశానానికి ఎవరిని తేవాలో, ఎవరిని తేకూడదో నిర్ణయించింది బతికున్నవాళ్లు.

టీకాలు లేని కాలంలో పుట్టిన ప్రతి నలుగురిలో సుమారు ఒకరు ఏడాది నిండకుండానే పోయేవారు. దాదాపు సగం మంది యుక్తవయసు చూసేవారు కాదు. ఆ లెక్కన పురాతన శ్మశానాలు పసి ఎముకలతో నిండి ఉండాలి. చాలాచోట్ల అవి అతి తక్కువ. లేత ఎముకలు మట్టిలో త్వరగా కరుగుతాయి, నిజమే. కానీ అన్నిచోట్లా మట్టిదే తప్పు కాదు. ఇనుప యుగానికి ముందటి ఊరైన పుణె జిల్లా ఇనామ్‌గావ్‌లో చిన్నపిల్లలను రెండు కుండల మధ్య ఉంచి, మూతికి మూతి చేర్చి, ఇంటి నేల కిందే పూడ్చారు. పెద్దలను చాపి పడుకోబెట్టారు, చాలామందికి పాదాలు తీసేశారు. ఊరు ఒకటే, వయసును బట్టి మర్యాద వేరు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. దహనం ఆచారంగా ఉన్న తెలుగు ఇళ్లలోనూ పళ్లు రాని బిడ్డను పూడ్చే పెడతారు. రేపెవరైనా మన దహనవాటికను మాత్రమే పరిశీలిస్తే, ఈ ఊళ్లో పసిబిడ్డలెవరూ చనిపోలేదని రాసుకుంటారు.

ముసలివాళ్ల విషయంలో చిక్కు వేరు. పిల్లల వయసును పళ్లు చాలా దగ్గరగా చెబుతాయి. పెద్దల కటి ఎముక అరుగుదల అలా చెప్పదు. యాభై దాటినవారిని తక్కువ వయసువారిగా లెక్కకట్టడం మామూలే. పోల్చడానికి తీసుకున్న, వయసు ముందే తెలిసిన ఎముకల వయసులే ఫలితంలో ప్రతిబింబిస్తాయని 1982లోనే ఫ్రెంచి పరిశోధకులు బొకే-అపెల్, మాసే హెచ్చరించారు. పైగా మన బృహచ్ఛిలా సమాధుల్లో, అంటే పెద్ద బండరాళ్లతో కట్టిన ఈ రాకాసి గుళ్లలో, ఒకే గూటిలో పలువురి ఎముకలు ముక్కలుగా కలిసిపోయి ఉండటం తరచుగా కనిపిస్తుంది.

అందుకే సమాధిని ఒక్కదాన్నే తవ్వి వదిలేస్తే సగం కథే దక్కుతుంది. పక్కనున్న ఊరి ఆనవాళ్లనూ, ఇళ్ల నేలలనూ వెతకాలి. నన్ను కలతపెట్టేది ఇదే. బండరాళ్లు కంటికి కనిపిస్తాయి కనుక కొన్నింటినైనా కాపాడుకున్నాం. నేల కింది చిన్న కుండకు గుర్తు రాయి ఉండదు. అపార్టుమెంటు పునాది తవ్వే యంత్రం ముందు అది మట్టిపెళ్లే.