క్రాష్ కాని సాఫ్ట్‌వేర్ మాహాత్మ్యం

సీ భాషలో రాసిన ప్రోగ్రాం తనది కాని మెమరీ మీద చెయ్యి వేస్తే లినక్స్ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, దానికి సిగ్‌సెగ్వీ అనే సిగ్నల్ పంపుతుంది. ఆ సిగ్నల్ నంబరు 11. మామూలుగా ప్రోగ్రాం అక్కడితో చచ్చి ఊరుకుంటుంది. కానీ చావడం నామోషీ అనుకునే మేధావులు మన మధ్య చాలామందే ఉన్నారు. వాళ్లు ఈ సిగ్నల్‌కు ఒక హ్యాండ్లర్, అంటే సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్, తగిలిస్తారు. అది లాగ్‌లో "ఏదో పొరపాటు జరిగింది" అని ఒక ముక్క రాసి, ఏమీ ఎరగనట్టు వెనక్కి వచ్చేస్తుంది. ఆ హ్యాండ్లర్ ఉన్న ఫైలుకు పెట్టే పేరు మాత్రం ఘనంగా ఉంటుంది: క్రాష్ ప్రొటెక్షన్. దాన్ని ఎవరూ తీసేయకూడదని పైన కామెంట్‌లో హెచ్చరిక, వెంట మూడు ఆశ్చర్యార్థకాలు.

ఈ రక్షణ కవచం పనిచేసే తీరు దగ్గరుండి చూసి తీరాలి. మెమరీ అడ్రస్ దాచుకునే ఒక పాయింటర్‌లో సున్నా ఉంది. ఒక ఇన్‌స్ట్రక్షన్ ఆ సున్నా అడ్రస్ నుంచి చదవబోయింది. పేజ్ ఫాల్ట్, అంటే ఆ అడ్రస్ అందలేదని ప్రాసెసర్ పెట్టే కేక. కెర్నల్ వచ్చి చూసింది, అక్కడ ఏమీ మ్యాప్ కాలేదు, అంటే మెమరీ ఏదీ కేటాయించి లేదు, హ్యాండ్లర్‌ను లేపింది.

"బాబూ, సున్నా అడ్రస్ నీది కాదు. ఏం చేశావు?"

"లాగ్ రాశానండీ."

"రాశావు సరే, పాయింటర్ సరిచేశావా?"

"అది నా పరిధిలోకి రాదండీ."

"మరిప్పుడు ఎక్కడికి పోతావు?"

"ఎక్కడ ఆగానో అక్కడికేనండీ."

"అక్కడే కదయ్యా పడ్డావు!"

"అవునండీ. మళ్లీ పడతాను. మళ్లీ లాగ్ రాస్తాను."

కెర్నల్ నియమాల మనిషి. ప్రాసెసర్ లోపలి చిన్న గదులైన రిజిస్టర్లన్నీ ఎలా ఉన్నవి అలాగే తిరిగి పెట్టి, అదే ఇన్‌స్ట్రక్షన్ దగ్గర వదిలిపెడుతుంది. అదే సున్నా, అదే ఫాల్ట్, అదే హ్యాండ్లర్, అదే "అవునండీ". ఒక సీపీయూ కోర్ నూటికి నూరు శాతం ఈ సంభాషణకే అంకితం. లాగ్ ఫైలు జీబీల్లో పెరుగుతుంది. పైన డ్యాష్‌బోర్డులో మాత్రం ప్రాసెస్ నడుస్తూనే ఉంది, పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. నిజమైన ఫాల్ట్ వల్ల వచ్చిన సిగ్‌సెగ్వీ హ్యాండ్లర్ నుంచి మామూలుగా వెనక్కి వస్తే ఏం జరుగుతుందో తాము చెప్పలేమని యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు నియమాలు చెప్పే పోసిక్స్ ప్రమాణమే చేతులెత్తేసింది. మనవాళ్లు చెప్పగలరు: "స్టేబుల్‌గా ఉంటుంది సార్."

ఇందులో ఉపజాతులు కూడా ఉన్నాయి. హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్ (అక్షరాలు అచ్చేసే ఫంక్షన్) పిలిచేవారు ఒక తెగ. ప్రోగ్రాం హీప్ అనే మెమరీ గుట్ట నుంచి ముక్కలు ఇచ్చే మాలాక్ లోపల, ఆ హీప్ లాక్ పట్టుకుని ఉండగా పడిపోయిందనుకోండి. హ్యాండ్లర్ ప్రింట్‌ఎఫ్‌ను పిలిచింది, అది బఫర్ కోసం మాలాక్‌ను పిలిచింది, మాలాక్ ఆ లాక్ కోసం నిలబడింది. లాక్ ఎవరి దగ్గరుంది? తన దగ్గరే. ఇక జన్మలో కదలదు. ఫంక్షన్ల పిలుపులు దాచుకునే స్టాక్ నిండిపోయి పడిన ప్రోగ్రాంకు అదే స్టాక్ మీద హ్యాండ్లర్ నడపాలనుకునేవారు ఇంకో తెగ. హ్యాండ్లర్‌కు వేరే స్టాక్ ఇచ్చే సిగ్‌ఆల్ట్‌స్టాక్ అనే ఏర్పాటు ఒకటుందని వారికి ఎవరూ చెప్పలేదు. సిగ్నల్‌ను అసలు పట్టించుకోవద్దని సిగ్ఇగ్న్ పెట్టేవారు అందరికన్నా ధైర్యవంతులు. లినక్స్ దాన్ని లెక్కచెయ్యదు, నిజం ఫాల్ట్ అయితే చంపేస్తుంది. కెర్నల్‌కైనా ఆ మాత్రం బుద్ధి ఉంది.

ఇక హ్యాండ్లర్‌లో ఎగ్జిట్ సున్నా రాసేవారికి శాలువా కప్పాలి. మామూలుగా చస్తే కమాండ్లు కొట్టే షెల్‌లో 139 కనిపించేది, అంటే 128కి సిగ్నల్ నంబరు 11 కలిపితే వచ్చేది. వీరి పుణ్యాన సున్నా కనిపిస్తుంది, అంటే పని విజయవంతంగా ముగిసిందని అర్థం. వైఫల్యం జరిగితే మళ్లీ లేపమని సర్వీసులు నడిపే సిస్టమ్‌డీకి చెప్పి పెట్టుకుంటే, అది చూసి, విజయమే కదా అని పడుకుంటుంది. సర్వీసు పోయింది, లేపేవాడు లేడు, రిపోర్టులో క్రాష్‌లు సున్నా.

ఎవరైనా అడిగితే జావా పేరు, దాన్ని నడిపే జేవీఎం పేరు చెబుతారు. "జేవీఎం సిగ్‌సెగ్వీ పట్టుకోవట్లేదా?" పట్టుకుంటుంది. ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఫాల్ట్ రావచ్చో దానికి ముందే తెలుసు, దాన్ని జావా ప్రోగ్రాం పట్టుకోగల నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌గా మారుస్తుంది. తనకు తెలియని చోట వస్తే రిజిస్టర్లు, స్టాక్ ఒక ఫైల్లో రాసి తనను తాను చంపుకుంటుంది. 1979లో వెర్షన్ 7 యూనిక్స్‌తో వచ్చిన బోర్న్ షెల్ కూడా ఈ సిగ్నల్‌ను పట్టుకునేది. మెమరీ చాలక ఫాల్ట్ వస్తే, కావలసింది తెచ్చిపెట్టి, ఆ తర్వాతే వెనక్కి వచ్చేది. అంటే కారణాన్ని సరిచేసేది. అయినా సగంలో ఆగిన ఇన్‌స్ట్రక్షన్‌ను మళ్లీ సరిగా మొదలుపెట్టలేని మోటరోలా 68000 ప్రాసెసర్ మీదికి దాన్ని తెచ్చినవాళ్లు నానా యాతన పడ్డారు. మనవాడు తెచ్చిపెట్టేది ఏమిటి? లాగ్‌లో ఒక లైను.

సరదా ఇంతవరకే. ప్రోగ్రాం తన చావు తాను చస్తే కోర్ ఫైలు, అంటే చచ్చిన క్షణంలో దాని మెమరీ నకలు, మిగులుతుంది. జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచి బీటీ (బ్యాక్‌ట్రేస్) కొడితే ఏ ఫంక్షన్ ఎవర్ని పిలిచిందో వరసగా కనబడుతుంది. ఏ రిజిస్టర్‌లో సున్నా ఉందో కనబడుతుంది. ఆ అడ్రస్ అసలు మ్యాప్ కాలేదా, మ్యాప్ అయినా అనుమతి లేదా అన్నది సిగ్నల్ వెంట వచ్చే వివరాల్లో, అంటే సిగ్‌ఇన్ఫోలో, ఉంటుంది. కోర్ లేకపోయినా కెర్నల్ సందేశాలు చూపే డీమెసెగ్‌లో ఒక లైను పడుతుంది. ఎర్రర్ 4 అంటే లేని పేజీని చదవబోయింది, 6 అంటే రాయబోయింది. హ్యాండ్లర్ తగిలిస్తే ఎక్స్86 ప్రాసెసర్ల మీద ఆ ఒక్క లైను కూడా రాదు, పట్టుకున్న ఫాల్ట్‌ను కెర్నల్ అక్కడ నమోదు చెయ్యదు. హత్య జరిగిన గదిని ఫినాయిల్‌తో కడిగి, ఆ తర్వాత పోలీసులకు ఫోన్ చేసినట్టుంది. ఆ పైన అర్ధరాత్రి ఆన్‌కాల్‌లో ఉన్న కొత్త పిల్లాడిని లేపి, "నీకు డీబగ్గింగ్ రాదా?" అని అందరి ముందూ అడుగుతారు. ఆధారాలన్నీ మీరు చెరిపేసి వాడి చేతగానితనం అంటారా? సిగ్గుండాలి. హ్యాండ్లర్ నుంచి సిగ్‌లాంగ్‌జంప్‌తో ప్రోగ్రాంలో వేరే చోటికి దూకి, పాడైన హీప్ మీదే పని సాగించేవాళ్ల సంగతి మరీ దారుణం. ఫాల్ట్ తర్వాత ఆ ప్రోగ్రాం డిస్క్‌కు రాసిన ప్రతి అంకె అనుమానాస్పదమే. అది ఎవరి ఖాతాలో నిల్వో, ఎవరి మందు మోతాదో మీకు తెలుసా? తప్పు లెక్క రాయడం కన్నా చావడం నయమని ఒక యంత్రానికి చెప్పడానికి ఇంత ఏడుపెందుకు?

సరైన హ్యాండ్లర్ రాయడం బ్రహ్మవిద్య కాదు. సొంత స్టాక్ ఇవ్వాలి, రైట్ (write) అనే సిస్టమ్ కాల్‌తో నాలుగు ముక్కలు రాయాలి, హ్యాండ్లర్‌ను ఒక్కసారికే పరిమితం చేసే ఎస్ఏ రీసెట్‌హ్యాండ్ పెట్టి వెనక్కి రావాలి. రెండోసారి అదే ఫాల్ట్‌కు కెర్నల్ తన పని తాను చేసుకుంటుంది, పడిన చోటే కోర్ దొరుకుతుంది. చాలాచోట్ల ప్రోగ్రాంలకు హద్దులు పెట్టే యూలిమిట్‌లో కోర్ ఫైలు సైజు సున్నా పెట్టి ఉంటుంది, దాన్ని కూడా తెరవాలి.

ఈ మార్పు రివ్యూకి వెళ్లింది. పెద్దలు తిరస్కరించారు: కోర్ ఫైళ్లతో డిస్క్ నిండిపోతుందట. ఆ జవాబు వచ్చేసరికి డిస్క్‌లో ఖాళీ లేదు, "ఏదో పొరపాటు జరిగింది" అన్న లైనుతోనే మొత్తం నిండిపోయింది.